గడప బయట నిలబడి ఇవ్వండి

వందనాలు బాబూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మీరు మాధవధారలో ఉంటున్నారు. ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. జీతంలో పదో వంతు క్రమం తప్పకుండా సంఘానికి ఇస్తున్నారు. మిగిలినదాంట్లోంచి సిగ్నల్ దగ్గర చెయ్యి చాపేవాళ్ళకి, తాగి వచ్చి వందా రెండొందలూ అడిగే పక్కవీధి మనిషికి, అనకాపల్లిలో ఒంటరిగా ఉంటున్న మేనత్తకి ఎంతెంత ఇవ్వాలో తేలక ఇంట్లో రోజూ టెన్షన్. పాస్టర్‌గారు అంతా మందిరపు నిధిలోకే రావాలన్నారు. అమ్మగారు ముందు అయినవాళ్ళని చూడమంటున్నారు. ఇస్తే దేవుడు రెట్టింపు ఇస్తాడని ఒక కూటంలో విన్నారు గానీ ఆ మాట మీకు మింగుడుపడలేదు. చివర్లో ఒక చిన్న సంగతి కూడా రాశారు. పోయిన వేసవిలో మేనత్త ఆవకాయ జాడీ ఇవ్వబోతే "నీకే కష్టంగా ఉంది, ఎందుకత్తా" అని వద్దన్నారట. అప్పటినుంచి ఆవిడ ఫోన్ చేయడం తగ్గించిందట. దాని దగ్గరకి తప్పకుండా వస్తాను.

నేను విశాఖపట్నం పోర్టులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా సంఘం పాతపోస్టాఫీసు వైపు. అక్కడి సహాయ నిధి పుస్తకం ఇరవై రెండేళ్ళు నా చేతిలో ఉంది. నేను వేదాంతం చదువుకున్న మనిషిని కాను. ఆ పుస్తకం రాస్తూ, దాని పక్కన బైబిలు చదువుతూ తెలుసుకున్నదే చెబుతాను.

ముందు మా తప్పు చెప్పాలి. నేను పుస్తకం తీసుకున్న కొత్తలో ఒక క్రిస్మస్‌కి మందిరం ముందు షామియానా వేసి దుప్పట్లు పంచాం. మైకులో ఒక్కొక్కరి పేరు చదవడం, వాళ్ళు ముందుకు రావడం, సంఘ పెద్ద ఒకవైపు, నేను ఒకవైపు దుప్పటి పట్టుకుని అందించడం, ఫోటో. ఒకామె పేరు పిలిచారు. హార్బర్‌లో చేపల గంపలు మోసే మనిషి, భర్త లేడు. కొంగు నుదుటి మీదుగా కిందికి లాక్కుని వచ్చింది. ఫోటో తీసే అబ్బాయి "అమ్మా, కొంగు తియ్యండి, ఇటు చూడండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె తీసింది. నాకూ ఆమెకూ మధ్య మూరెడు దూరం ఉంది. ఆమె నా వైపు చూడలేదు, కెమెరా వైపూ చూడలేదు. జనంలో ఒక మూల స్కూలు యూనిఫాంలో నిలబడ్డ ఆడపిల్ల వైపు చూసింది. ఆ పిల్ల ఆమె కూతురు. ఆ పిల్ల తల తిప్పేసుకుంది.

సంక్రాంతి అయ్యాక ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్ళాను. దుప్పటి ప్లాస్టిక్ కవర్ విప్పకుండా అటక మీద ఉంది. మంచిది కాదా అని అడిగాను. "బాగానే ఉందమ్మా. కప్పుకుంటే ఆ రోజే గుర్తొస్తాది" అంది.

అసలు మన ఊళ్ళో డిసెంబరు చలి ఎంత? దుప్పటి కావాలా అని మేం ఎవరినీ అడగలేదు. ఇవ్వాలని మాకు అనిపించిన నెల డిసెంబరు కాబట్టి ఇచ్చాం. ఆమెకి కష్టమైన నెలలు వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం ఉండాల్సిందే. పడవ మీద వెళ్ళేవాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. గంపలు మోసేవాళ్ళు, చేపలు శుభ్రం చేసేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు మాత్రం పడవలు కదిలితేనే కూలి చూస్తారు. నిషేధం ముగిసేసరికి బడులు తెరుస్తారు, పుస్తకాలకీ చెప్పులకీ డబ్బు కావాలి. ఇదంతా నాకు ఆ దుప్పటి తర్వాతే తెలిసింది. హార్బర్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి కూడా తెలియలేదు.

ఆ రోజుల్లోనే ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ దగ్గర ఆగిపోయాను. నువ్వు పొరుగువాడికి అప్పిచ్చి తాకట్టు తీసుకోవలసి వస్తే, ఆ వస్తువు కోసం అతని ఇంట్లోకి వెళ్ళకూడదు. బయటే నిలబడాలి. అతనే లోపలినుంచి తెచ్చి ఇస్తాడు. అతను బీదవాడై తాకట్టు పెట్టింది కప్పుకునే వస్త్రమే అయితే, పొద్దు కుంకేలోగా తిరిగి ఇచ్చెయ్యాలి, అతను అది కప్పుకుని పడుకుని నిన్ను దీవించేలా.

డబ్బు ఎవరిదో ఆ మాటల్లో స్పష్టంగానే ఉంది. అవసరం ఎవరిదో కూడా ఉంది. అయినా గడప దగ్గర ఆగాల్సింది డబ్బున్నవాడే. లోపల ఏముందో, ఏం లేదో చూసే హక్కు అతనికి లేదు. ఏ వస్తువు ఇవ్వాలో ఎంచుకునేది బీదవాడే. బాబూ, క్రైస్తవ విశ్వాసంలో దానం అన్నదానికి నేను పట్టుకున్న కొస ఇదే. ఎంత ఇచ్చాం అన్న లెక్క తర్వాత. తీసుకున్న మనిషి తన గడప లోపల తల ఎత్తుకుని ఉండగలిగాడా అన్నది ముందు.

ఆ దృష్టితో చదివితే మిగతావన్నీ కూడా అలాగే కనిపిస్తాయి. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కొయ్యొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదవాళ్ళకీ పరదేశులకీ వదిలెయ్యమని లేవీయకాండం 19వ అధ్యాయం. పరిగె ఏరుకునే మనిషి ఎవరి ఇంటి ముందూ నిలబడదు. తన చేతులతో ఏరుకుని, తన గింజలు తను దులుపుకుని ఇంటికి తీసుకెళ్తుంది. పరదేశం నుంచి వచ్చిన విధవరాలు రూతు అలాగే ఏరుకుంది. ఆ పొలం యజమాని బోయజు పనివాళ్ళతో రహస్యంగా ఏమన్నాడో చూడండి: ఆమె కోసం పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడెయ్యండి, ఆమెను గద్దించకండి. రూతుకి అవి రాలిన కంకుల్లాగే కనిపించాలన్నది ఆయన ఉద్దేశం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పడానికి ఎన్నో తరాల ముందు, బేత్లెహేము పొలంలో ఒక రైతు అది చేసి చూపించాడు.

మీకు పొలం లేదు, నాకూ లేదు. మన పొలం అంచు ఎక్కడుంటుందో వెతుక్కోవాలి. పూర్ణా మార్కెట్లో గంప ముందు కూర్చున్న ముసలమ్మ దగ్గర తోటకూర కట్టకి రెండు రూపాయలు బేరం ఆడకపోవడం అంచు వదలడమే. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే ఆ డబ్బు కోయకపోవడం కూడా అంతే. ఆమెకి జీతం ఎన్నో తారీఖున ఇస్తున్నారు? మీ ప్రశ్నలో లేని విషయం అడుగుతున్నానని అనుకోకండి. కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం, సూర్యుడు అస్తమించకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండం, పట్టి ఉంచిన కూలి మొర పెడుతుందని యాకోబు పత్రిక. దానం సంగతి అడిగినవాళ్ళని నేను ముందు ఈ ప్రశ్న అడుగుతాను. పనిమనిషికి పదో తారీఖు దాకా జీతం ఆపి, మొదటి ఆదివారం కానుక సంచిలో ఐదొందలు వేస్తే ఆ ఐదొందలు ఎవరివి?

ఇప్పుడు దశమ భాగం సంగతి. మీ పాస్టర్‌గారు చెప్పింది మలాకీ 3వ అధ్యాయంలోని మాట. తప్పు కాదు. సంఘం నడవాలి, సేవకుల ఇల్లు గడవాలి, దానికి మనం ఇవ్వాలి. అయితే ధర్మశాస్త్రంలో దశమ భాగం అంటే మందిరం ఒక్కటే కాదు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి. మూడేళ్ళకోసారి ఆ యేటి పంటలో పదో వంతు తమ తమ ఊళ్ళలోనే ఉంచాలి. మందిర సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తి పొందాలి. అంటే బీదవాళ్ళు మొదటినుంచీ దశమ భాగం లోపలే ఉన్నారు. కాబట్టి మీరు సంఘానికి ఇచ్చేది ఆపకండి, కానీ ఆ సంఘం ఖర్చులో బీదల వాటా ఎంతో అడగండి. గొడవగా కాదు, ఏడాది లెక్కలు చదివే రోజున నెమ్మదిగా అడగండి. సమాధానం లేకపోతే, సహాయ నిధి పెడదామని మీరే ప్రతిపాదించండి.

మొదటి శతాబ్దాల సంఘాలు ఏం చేశాయో తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. రోములో యుస్తిను అనే ఆయన 155 ప్రాంతంలో చక్రవర్తికి తమ విశ్వాసం గురించి రాసిన విన్నపంలో ఆదివారం ఆరాధన ఎలా జరిగేదో వివరించాడు. వాక్యం చదవడం, ప్రార్థన, రొట్టె, ఆ తర్వాత కానుక. ఎవరికి తోచినంత వాళ్ళు ఇస్తారు. పోగైనది నాయకుడి దగ్గర పెడతారు. ఆయన దాన్ని అనాథలకి, విధవరాండ్రకి, జబ్బుపడ్డవాళ్ళకి, చెరసాలలో ఉన్నవాళ్ళకి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఖర్చు పెడతాడు. ఆ ఖర్చుల వరుస నేను ఒక కాగితం మీద రాసి మా పుస్తకం మొదటి పేజీకి అంటించాను.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. రహస్యంగా ఇవ్వాలంటే లెక్క చూపించడం ఎలా? నాకూ వచ్చింది. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగు చేసినప్పుడు డబ్బు తనొక్కడే మోసుకెళ్ళలేదు. సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని తోడు పెట్టుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకూడదని, దేవుడి ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని రెండో కొరింథీ 8వ అధ్యాయంలో రాశాడు. అకౌంట్స్‌లో పనిచేసిన నాకు ఆ మాటలు ప్రాణం. అందుకే మేం రెండు పుస్తకాలు పెట్టాం. ఒకదాంట్లో తారీఖు, మొత్తం, దేనికి అన్నది మాత్రమే. అది సంఘం అంతా చూడొచ్చు. రెండోదాంట్లో పేర్లు. అది ఇద్దరే చూస్తారు. లెక్క అందరికీ చూపించి, ముఖాలు దాచాం. ఫోటోలు ఆ దుప్పట్ల ఏడాదితోనే ఆగిపోయాయి.

ఇంకో మార్పు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూసి చేశాం. యెరూషలేములో రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రని చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వైపువాళ్ళ చేతికే పంపకం వెళ్ళినట్టుంది! మేం మా కమిటీలోకి ఒకప్పుడు మా దగ్గర బియ్యం తీసుకున్న ఒకామెని తీసుకున్నాం. మొదటి మీటింగ్‌లోనే ఆమె రెండు మాటలు చెప్పింది. వరసలో నిలబెట్టొద్దు. నిషేధం ముగిసే ముందు కాదు, మొదలయ్యే ముందు ఇవ్వండి, అప్పులోకి దిగకముందు. అప్పటినుంచి మేం బియ్యం పంచడం మానేసి వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా పెట్టాం. ఎవరికి ఎంతవరకో కొట్టాయనకి తెలుసు. వాళ్ళు వెళ్ళి అందరిలాగే "అరకిలో కందిపప్పు, ఒక సబ్బు" అని అడిగి తెచ్చుకుంటారు. ఒకామె ఖాతాలో కొబ్బరినూనె, పూసల గొలుసు కూడా రాసి ఉంటే కమిటీలో ఒకాయన అభ్యంతరం చెప్పారు. పూసల గొలుసు కూతురి పుట్టినరోజుకట. నేను సంతకం పెట్టాను. గడప లోపలి సంగతి మనకెందుకు?

మీ మేనత్త గురించి మీ అమ్మగారు చెప్పిందే సరైనది. స్వకీయుల్ని, ముఖ్యంగా ఇంటివాళ్ళని చూసుకోనివాడు అవిశ్వాసికంటే చెడ్డవాడని మొదటి తిమోతి 5వ అధ్యాయం కటువుగానే చెబుతుంది. అదే అధ్యాయంలో ఇంకాస్త కిందికి వెళ్తే, కుటుంబంలో విధవరాండ్రు ఉంటే ఆ కుటుంబమే చూసుకోవాలి, సంఘం మీద భారం పెట్టకూడదు, నిజంగా ఎవరూ లేనివాళ్ళకి సంఘం సాయం చెయ్యాలి అని ఉంది. మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు పరిసయ్యుల్ని తప్పుపట్టిన విషయాల్లో ఇదొకటి. తల్లిదండ్రులకి అందవలసినదాన్ని "కొర్బాను", అంటే దేవుడికి అర్పించేశాను, అని చెప్పి తప్పించుకోవడం. కాబట్టి అత్తకి పంపే డబ్బు దేవుడి డబ్బులోంచి తగ్గినట్టు కాదు. మొదటి తారీఖున, అడగకముందే, ప్రతి నెలా ఒకే మొత్తం పంపండి. కొంచెమైనా ఫర్వాలేదు. అడిగినప్పుడల్లా ఎక్కువ ఇవ్వడం కంటే అడగకుండా తక్కువ రావడం పెద్దవాళ్ళకి ఎంత నిశ్చింతో నేను చూశాను. అడగడం కోసం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునే సాయంత్రాలు తప్పుతాయి.

ఎంత అన్నారు. పౌలు ఎక్కడా శాతం చెప్పలేదు. కలిగినదాన్ని బట్టి అన్నాడు. ఇతరులకి తేలిక చేసి మీకు భారం చెయ్యాలని కాదు అని కూడా అన్నాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య తన ఆస్తిలో సగం ఇస్తానన్నాడు, బీద విధవరాలు ఉన్న రెండు కాసులూ వేసేసింది. అది వాళ్ళ హృదయంలోంచి వచ్చింది, ఎవరూ వాళ్ళని లెక్క అడగలేదు. మీరు మీ భార్యతో కూర్చుని, ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం నెల మొదట్లోనే విడిగా పెట్టండి. ఆమెకి తెలియకుండా ఇవ్వకండి. ఎడమచేతికి తెలియకపోవడం అంటే భార్యకి తెలియకపోవడం కాదు. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కడిగే ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్ళేది. మన సంఘాల్లో చాలామంది తల్లులకి ఆ అలవాటు ఉండేది. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజున ఆ గుప్పెడు చిన్నదయ్యేది, కానీ మానేది కాదు. ఆవిడ పిడికిలి ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. వేళ్ళ సందుల్లోంచి నాలుగు గింజలు తిరిగి చేటలో రాలేవి.

తాగే మనిషి విషయం కష్టం. "అడిగేవాడికి ఇమ్ము" అని ప్రభువు అన్నాడు, దాన్ని నేను తిప్పి చెప్పలేను. కానీ ఏమివ్వాలో అక్కడ చెప్పలేదు. శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర కూర్చున్న కుంటివాడు పేతురు, యోహానుల్ని భిక్షమడిగాడు. వాళ్ళు అతన్ని తేరి చూసి "మాతట్టు చూడుము" అన్నారు. వెండి బంగారాలు మా దగ్గర లేవని నిజం చెప్పి, ఉన్నది ఇచ్చారు. మీ పక్కవీధి మనిషికి నగదు ఇవ్వకపోవడం పాపం కాదని నా అభిప్రాయం. మొహం తిప్పేసుకోవడం మాత్రం తప్పు. పేరు కనుక్కోండి. పేరుతో పిలిచి, "డబ్బులివ్వను, టిఫిన్ తిందాం రా" అనండి. కూర్చుని తినండి. అతనికి పిల్లలుంటే స్కూలు ఫీజు నేరుగా స్కూల్లో కట్టండి, భార్యకి తెలిసేలా. మానాలని ఎప్పుడైనా అంటే తోడు వెళ్ళి ఆసుపత్రిలో చూపించండి. పని చేయనొల్లనివాడు తినకూడదన్న వాక్యం ఎవరైనా మీ మీదికి విసిరితే, అక్కడ "ఒల్లనివాడు" అని ఉందని గుర్తుచెయ్యండి. చేయలేనివాడి గురించి కాదు ఆ మాట.

సిగ్నల్ దగ్గర చిన్నపిల్లలు చెయ్యి చాపితే నేను డబ్బు ఇవ్వను. ఆ డబ్బు వాళ్ళని రేపు కూడా అక్కడే ఉంచుతుంది. 1098కి ఫోన్ చేస్తాను, అది పిల్లల కోసం ఉన్న ఉచిత నంబర్. ముసలివాళ్ళకి, నడవలేనివాళ్ళకి ఇస్తాను. ఇచ్చేటప్పుడు కళ్ళలోకి చూసి ఒక మాట మాట్లాడతాను. మోసం చేస్తారేమో అంటారు కొందరు. అప్పుడప్పుడు చేస్తారు. పది రూపాయల మోసం నేను భరించగలను.

మీరు ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే ఒక సాయంత్రం కేజీహెచ్‌కి, అదే మన కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రికి, వెళ్ళండి. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి కూడా అక్కడికి వస్తారు. మంచం మీద ఉన్న మనిషికి వైద్యం ఉచితంగా జరుగుతుంది. పక్కన కూర్చున్న మనిషికి మాత్రం రెండుపూటలా తిండి, ఇంటికి తిరిగి వెళ్ళడానికి బస్సు ఛార్జీ సొంతంగా చూసుకోవాల్సిందే. మంచి సమరయుడి కథ లూకా ఎలా ముగించాడో గుర్తుందా? దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషికి గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, సత్రానికి తీసుకెళ్ళి, మర్నాడు సత్రపువాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. నాకు ఆ ఆఖరి మాట ఇష్టం. మళ్ళీ వస్తానన్న మాట అది. మన ఊరివాళ్ళకి ఈ కథ మీద కొంచెం హక్కు కూడా ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ దొరలు క్రాన్, దెగ్రాంజ్, వాళ్ళతో ఆనందరాయరు కలిసి ఇక్కడ తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ దొరలిద్దరూ ఆ అచ్చు చూడకుండానే చనిపోయారు.

సంఘం బయటివాళ్ళకి ఇవ్వాలా అన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. మా ఖాతాలో ఉన్నవాళ్ళలో సగానికి పైగా మందిరానికి రారు. రమ్మని అడగం. ప్రభువు పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే ఒక్కడే తిరిగి వచ్చాడు. మిగతా తొమ్మిదిమంది దగ్గర ఆయన స్వస్థత వెనక్కి తీసుకోలేదు. 362లో జూలియన్ అనే రోమా చక్రవర్తి, క్రైస్తవులంటే గిట్టనివాడు, తన పూజారి ఒకాయనకి ఉత్తరం రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవుల్ని అతను అలా పిలిచేవాడు) తమ బీదల్నే కాదు మన బీదల్ని కూడా పోషిస్తున్నారని వాపోయాడు. శత్రువు అలా రాయాల్సి వచ్చిందంటే వాళ్ళు ఎలా బతికి ఉంటారో ఆలోచించండి. బియ్యం చూపించి బాప్తిస్మం అడగడం తాకట్టు కోసం ఇంట్లోకి చొరబడటం కంటే పెద్ద తప్పు.

రెట్టింపు వస్తుందన్న బోధ మీకు మింగుడుపడకపోవడం మంచిదే. "బీదలను కనికరించువాడు యెహోవాకు అప్పిచ్చువాడు" అని సామెతల్లో ఉంది, నిజమే. ఆ అప్పు ఎప్పుడు, ఎలా తీర్చాలో ఆయన ఇష్టం. విందు చేసేటప్పుడు తిరిగి పిలవలేనివాళ్ళనే పిలవమని లూకా 14లో ప్రభువు చెప్పాడు, ప్రతిఫలం నీతిమంతుల పునరుత్థానంలో అన్నాడు. వచ్చే నెల జీతంలో అనలేదు.

అయితే బీదవాళ్ళ దగ్గరనుంచి మనకేమీ రాదని కూడా అనుకోకండి. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదికి వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. చెట్లన్నీ కూలిపోయి, కరెంటు లేక, ఫోన్లు పనిచేయక రోజుల తరబడి ఉన్నాం. మా అపార్ట్‌మెంట్‌లో మోటారు ఆడదు, ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. మా ఆయనకి అప్పటికే మోకాళ్ళు పనిచేయవు. మూడో రోజు పొద్దున తలుపు చప్పుడైంది. దుప్పటి తీసుకున్న ఆమె. నెత్తిన ఒక బిందె, చంకలో ఒక బిందె. మూడంతస్తులు ఎక్కి వచ్చింది. వాళ్ళ పేటలో చేతిపంపు ఉందట. వాళ్ళింటి రేకులు ఎగిరిపోయాయని ఆ తర్వాత చాలాసేపటికి చెప్పింది. "నీకెందుకమ్మా ఇంత శ్రమ, మీ ఇల్లే పోయింది కదా" అన్నాను. ఆమె మొహం ఒక్కసారి చిన్నబోయింది. "మీ బియ్యం మేం తిన్నాం కదమ్మా. మా నీళ్ళు మీరు తాగకూడదా?" అంది.

నేను పక్కకి జరిగాను. ఆమె లోపలికి వచ్చి, బిందెలు దింపి, వంటింట్లో చెంబు ఎక్కడుందని అడిగి, మొదటి చెంబు మా ఆయనకి ముంచి ఇచ్చింది. వరసగా ఆరు రోజులు తెచ్చింది. ఇప్పుడు మీ సమృద్ధి వాళ్ళ కొరతకి, మరొకప్పుడు వాళ్ళ సమృద్ధి మీ కొరతకి అని పౌలు కొరింథీవాళ్ళకి రాసిన మాట అప్పటిదాకా నేను చదువుతూ వచ్చాను గానీ, నా ఇంటి గడప దాటి వస్తుందని అనుకోలేదు.

అందుకే మీ అత్త జాడీ సంగతి చదవగానే నాకు ఆ బిందెలు గుర్తొచ్చాయి. మీరు ప్రేమతోనే వద్దన్నారు, తెలుసు. ఆవిడకి మాత్రం నా దగ్గర నీకివ్వదగిందేమీ లేదని విన్నట్టుంటుంది. ఈ శనివారం భార్యాబిడ్డలతో అనకాపల్లి వెళ్ళండి. డబ్బు మాట ఎత్తకండి, అది మొదటి తారీఖున దానంతటదే వెళ్తుంది. భోజనానికి కూర్చుని, "అత్తా, ఆవకాయ ఇంకా ఉందా?" అని అడగండి. ఉంటే జాడీ తెచ్చుకోండి. అయిపోయి ఉంటే, వచ్చే వేసవిలో మాకూ కలిపి పెట్టమని చెప్పి, కాయలు ఎన్ని కావాలో ఆవిడనే అడిగి రాసుకోండి.